ఈరోజు సాయంత్రం లోపు

నాచారంలో మేం అద్దెకున్న వాటా రెండో అంతస్తులో ఉండేది. డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన పిట్టగోడ పట్టుకుని కాస్త ముందుకు వంగితే, రెండిళ్ల సందులోంచి మెయిన్ రోడ్డు ముక్క ఒకటి కనిపించేది. సిటీ బస్సు వెళ్తే సగం బస్సు పట్టేంత ముక్క. నా పేజీ ఆ ముక్క మీదే మొదలైంది.

రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు సంగతి. వారం తిరిగేసరికి ఏదో ఒక బంద్ ఉండేది. మా ఇంజనీరింగ్ కాలేజీ వరంగల్ హైవే మీద, మేడిపల్లి దాటాక ఇంకా చాలా దూరం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కాలేజీ బస్సు ఎక్కాలి, అక్కడిదాకా సిటీ బస్సులో పోవాలి. పొద్దున్న లేవగానే అందరికీ ఒకటే అనుమానం, ఇవాళ బస్సులున్నాయా లేవా అని. టీవీ వాళ్లు ఊరంతటి సంగతి చెప్తారు గానీ మా రోడ్డు సంగతి చెప్పరు కదా. నేను డాబా ఎక్కి పావుగంట ఆ ముక్క వైపు చూసి, కిందికొచ్చి కంప్యూటర్ ఆన్ చేసి, అప్పట్లో అందరూ కొత్తగా చేరుతున్న ఒక సైటులో ఉప్పల్ పేరుతో పేజీ తెరిచి రాసేదాన్ని. "నాచారం రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి." లేదా, "ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు, ఆటోలు మాత్రం ఉన్నాయి." ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడమే అందరిలాగా నాకూ అలవాటు.

ఆ మాట ఫోన్ చేసి చెప్పుకోడానికి నాకు ఒక్కరున్నా ఆ పేజీ పుట్టేది కాదు. నేను కౌన్సెలింగ్ చివరి విడతలో చేరాను. అప్పటికే క్లాసులో ఎవరి గుంపు వాళ్లకుంది, బస్సులో ఎవరి సీటు వాళ్లకుంది. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లే. మొదటిరోజు బస్సెక్కి "ఇక్కడ కూర్చోవచ్చాండీ" అన్నానని వెనకసీటు వాళ్లు పగలబడి నవ్వి, నాకు "అండీ" అని పేరు పెట్టారు. రెండు రోజులు అలా పిలిచి తర్వాత మర్చిపోయారు. నిజం చెప్పాలంటే ఇంకొన్నాళ్లు పిలిస్తే బాగుండుననిపించింది. డ్రైవర్ వెనక రెండో సీట్లో కిటికీ పక్కన నాలుగేళ్లు కూర్చున్నాను. పక్క సీట్లో నా బ్యాగు ఉండేది.

పేజీలో మాత్రం నేను "అన్న"ని. ఆడో మగో నేనెక్కడా చెప్పలేదు, వాళ్లే అనేసుకున్నారు. "థాంక్స్ అన్నా, లేకపోతే రింగ్ రోడ్డు దాకా పోయి వాపస్ వచ్చేటోన్ని." "అన్నా, రేపు కూడా అప్‌డేట్ ఇయ్యు జర." నేను దిద్దలేదు. అమ్మాయని తెలిస్తే వచ్చే మెసేజ్‌లు ఎలా ఉంటాయో ఆ పాటికే తెలుసు. పైగా ఇంట్లో ఒక్కతే కూతుర్నైన నాకు ఒకేసారి అంతమంది తమ్ముళ్లు రావడం బాగానే ఉండేది. కాలేజీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ప్రెజెంట్ సర్" తప్ప నోరు మెదపని రోజులు చాలా ఉండేవి. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే నా మాట కోసం వందమంది ఎదురుచూస్తూ ఉండేవాళ్లు.

పద్నాలుగు వందల మంది దాకా పెరిగారు. ఆ తర్వాత బంద్‌లు తగ్గాయి. ఊరికి మంచిదే, నా పేజీకే గడ్డుకాలం వచ్చింది. బస్సులు రోజూ తిరుగుతుంటే బస్సులు తిరుగుతున్నాయని రాసేవాణ్ణి ఎవరు చదువుతారు? గులాబీపువ్వు మీద గుడ్ మార్నింగ్ పెట్టాను, ఎవడూ పలకలేదు. పరీక్షల మీద జోకులు పెట్టాను. వాటిని మూడుసార్లు చదివితే నాకే నవ్వు రాలేదు. గంటకోసారి పేజీ తెరిచి చూసేదాన్ని. ఎవరైనా ఏమైనా అన్నారా, ఒక్కళ్లయినా? అమ్మ ఉప్పల్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, సాయంత్రం అక్కడే ట్యూషన్లు చెప్పి వచ్చేది. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమస్తా. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో నేనూ, ఆ కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడూ. ఆ మూడు గంటలంటే నాకు భయంగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున నాన్న డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

"మా ప్రెస్ షాపులో, రేకులు నొక్కే మిషన్ మీద ఒకాయన ఉన్నాడమ్మా. ఆయన భార్యకి ఇవాళే ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం కావాలిట, ఎక్కడా దొరకట్లేదు. నువ్వేదో కంప్యూటర్లో రాస్తావుగా, ఇదీ రాయి. పాపం ఒక్కడే తిరుగుతున్నాడు."

స్టోర్స్ చీటీ వెనక ఆయన ఫోన్ నంబరు రాసిచ్చాడు. నేను వెంటనే కూర్చుని రాశాను. "అర్జెంట్. నాచారంలో ఒక కార్మికుడి భార్యకు ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం ఈరోజు సాయంత్రం లోపు కావాలి. దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి. అందరికీ షేర్ చేయండి." కింద నంబరు. అంతే రాశాను. తేదీ వెయ్యలేదు. బస్సుల సంగతి రాసి రాసి ఉన్నాను కదా, ఈరోజు అంటే ఈరోజే అనుకున్నాను. చదివేవాడికి ఎప్పుడు చదివితే అప్పుడే ఈరోజవుతుందని నాకు తట్టలేదు.

గంటలో ఆ పోస్టు నా పేజీ దాటిపోయింది. తార్నాక, మల్కాజిగిరి, ఎక్కడెక్కడివాళ్లో షేర్ చేస్తున్నారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు దవాఖానాకి వెళ్లి రక్తం ఇచ్చారు. ఒకడు ఘట్‌కేసర్ వైపు కాలేజీ కుర్రాడు, ఇంకొకాయన మెడికల్ షాపు నడిపేవాడట. సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, "నీ కంప్యూటర్ ఒక పనికొచ్చిందే" అన్నాడు. నాన్న నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. వారం తిరిగేలోగా పేజీలో నాలుగు వేల మంది అయ్యారు.

ఆ వారంలోనే, అన్నం తింటూ నాన్న చెప్పాడు. "పాపం, ఆవిడ దక్కలేదుట. ఆపరేషన్ అయిన మూడోరోజు పోయింది."

అమ్మ "అయ్యో" అంది. నేనూ అన్నాను. తిని చెయ్యి కడుక్కుని వెళ్లి ఆ పోస్టు తెరిచాను. తీసేద్దామనే తెరిచాను. పక్కన షేర్ల సంఖ్య ఉంది, నేను చూస్తుండగానే ఇంకొకటి పెరిగింది. ఆ రోజుల్లో ఒకసారి పెట్టిన పోస్టులో అక్షరం మార్చడానికి వీలుండేది కాదు. తీసేస్తే మొత్తం తీసెయ్యాలి, దాంతోపాటు ఆ షేర్లూ పోతాయి, వాటి వెంట వచ్చే మనుషులూ రారు. రేపు తీద్దాంలే అనుకున్నాను. మర్నాడు, ఇది చూసి ఇంకెవరికైనా రక్తం ఇవ్వాలనిపించొచ్చు కదా అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ఇదంతా ఇప్పుడు రాస్తుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది. ఆ నంబరు ఒక మనిషి జేబులో మోగుతుందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

ఏడు నెలలు ఊరుకున్నాను. పేజీ పదకొండు వేలు దాటింది. తర్వాత ఎన్నో రక్తం పోస్టులు పెట్టాను, అన్నిటికీ తేదీ వేశాను, పని కాగానే తీసేశాను. అదొక్కటే ఉంచాను. దాన్ని చూసే కొత్తవాళ్లు వచ్చేవాళ్లు.

పదకొండు వేల మంది ఉంటే ఏమవుతుందనుకున్నానో నాకిప్పుడు గుర్తులేదు. ఏమీ కాలేదన్నది మాత్రం గుర్తుంది. ఒకరోజు కాలేజీ బస్సులో నా ముందు సీటు అమ్మాయిలిద్దరు మాట్లాడుకుంటున్నారు. "ఆ ఉప్పల్ పేజీ అడ్మినన్న మస్తు మంచోడే. మా కజిన్‌కి గా దాంట్లనే ప్లేట్‌లెట్స్ దొరికినయ్." మేడిపల్లి వచ్చేదాకా తటపటాయించి, ముందుకు వంగి, "ఆ పేజీ నాదే" అన్నాను.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. నేను వాళ్లతో మాట్లాడటం అదే మొదటిసారి కాబోలు.

"ఏది?" అంది ఒకమ్మాయి.

"మీరు చెప్పుకుంటున్న పేజీ. నేనే రాస్తాను."

"పో, జోకులు జెయ్యకు" అని నవ్వి, అటు తిరిగింది. నా ఫోన్‌లో నెట్ లేదు, అక్కడికక్కడ చూపించడానికి. మర్నాడు చూపిస్తాననుకున్నాను. మర్నాడు వాళ్లు ఇంకేదో మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరి పాత మాట ఎత్తడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ సాయంత్రం పేజీలో "మీకు అడ్మిన్ ఎవరో తెలుసుకోవాలని ఉందా?" అని రాసి, పెట్టకుండా చెరిపేశాను. ఎవరూ ఉందనకపోతే ఎలా అని.

ఆ తర్వాత కొద్ది రోజులకే నాన్న భోజనం దగ్గర మళ్లీ ఆయన మాట తెచ్చాడు.

"ఆ ప్రెస్ షాపాయనకి ఇంకా ఫోన్లు వస్తున్నాయిటమ్మా, రక్తం ఇస్తామని. రోజూ వస్తున్నాయిట. మిషన్ ఆపేసి మరీ మాట్లాడుతున్నాడని సూపర్వైజరు అందరి ముందూ తిట్టాడు. నువ్వు పెట్టింది అప్పుడే తీసేశావు కదా?"

"అప్పుడే తీసేశాను నాన్నా" అన్నాను.

నాన్న నన్ను ఎప్పుడూ అనుమానించలేదు. అప్పుడూ అనుమానించకుండా పెరుగు కలుపుకున్నాడు. నేను లేచి వెళ్లి ఆ పోస్టు తీసేశాను. నిజంగా తీసేస్తావా అని సైటు ఒకసారి అడిగింది, అవునన్నాను. ఏడు నెలలు నావల్ల కానిది ఒక్క నొక్కుతో అయిపోయింది.

అయిపోయిందనే అనుకున్నాను. కానీ మనవాళ్ల అలవాటు ఒకటుంది. మంచిమాట కనిపిస్తే షేర్ చేసి ఊరుకోరు, కాపీ చేసి మెసేజ్‌లో పెట్టి తెలిసిన ప్రతి నంబరుకీ పంపుతారు. ఆ మెసేజ్‌లు నా చేతిలో లేవు. ఎవరి చేతిలోనూ లేవు. "ఈరోజు సాయంత్రం లోపు" అంటూ అవి ఖమ్మం నుంచి కర్నూలు దాకా తిరుగుతూనే ఉన్నాయి. పది రోజుల తర్వాత నాన్న ప్రెస్ షాపాయన సంగతి మళ్లీ చెప్పాడు. డ్యూటీకొచ్చే ముందు ఫోన్ గేటు దగ్గర ఇచ్చి లోపలికి రమ్మన్నారట. ఆయన ఇవ్వనన్నాడట. ఇవ్వకపోతే పనిలోకి రావద్దని వారం రోజులు ఆపేశారట.

"నంబరు మార్చుకోవయ్యా, నూట యాభై పెడితే కొత్త సిమ్ము వస్తుందని చెప్పాను. వినడే. మొండిమనిషి" అన్నాడు నాన్న.

ఆయన ఉద్యోగం పోతే అది నావల్ల. తర్వాతి రెండు రాత్రులూ నాకు సరిగా నిద్ర లేదు. ఆదివారం పొద్దున జిరాక్స్ తీయించుకొస్తానని అమ్మతో చెప్పి బయటికొచ్చాను. ఫ్యాక్టరీ వెనక సందుల్లో, పిండిగిర్ని పక్కన ఎక్కడో ఉంటాడని నాన్న ఒకసారి అన్నాడు. గిర్నిలో అడిగితే పిండి కొట్టుకున్న చేత్తోనే ఒక గది చూపించారు. దారిపొడవునా చెప్పాల్సింది తయారుచేసుకున్నాను. ఆ పోస్టు నేనే పెట్టాను, తీయకుండా ఉంచాను, తప్పయింది, కొత్త సిమ్ము నేనే కొనిస్తాను. నూట యాభై రూపాయలు పర్సులో మడిచి పెట్టుకున్నాను కూడా.

రేకుల గది. తలుపు తీసే ఉంది. యాభై దాటిన మనిషి గుమ్మంలో పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. నాన్న పేరు చెప్పాను.

"స్టోర్ సార్ బిడ్డవా? లోపటికి రా. కూసో. ఛాయ్ తాగుతవా?"

వద్దన్నా వినలేదు. స్టవ్ వెలిగించి గిన్నె పెట్టాడు. గదిలో ఒక మంచం, ఒక ట్రంకు, గోడకి దండేసిన ఫోటో. ఆవిణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. నుదుటన పెద్ద బొట్టు, కాస్త చిరాగ్గా చూస్తున్నట్టు ముఖం, ఫోటో తీసేవాడు ఆలస్యం చేస్తున్నాడేమో. ఏడు నెలలు ఆమె నా పేజీని పెంచింది. ఆమె ముఖం ఎలా ఉంటుందో అని నేను ఒక్కసారీ అనుకోలేదు.

"అంకుల్, మీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టానో లేదో, మంచం మీద ఫోన్ మోగింది. పాత మీటల ఫోను, అవతలి గొంతు గదంతా వినిపించేది. ఆయన స్టవ్ తగ్గించి, చెయ్యి లుంగీకి తుడుచుకుని ఎత్తాడు.

"సార్ నమస్తే, నాకు మెసేజ్ వచ్చింది. నాది ఓ నెగెటివేనండి. సాయంత్రం లోపంటున్నారు, నేను విజయవాడలో ఉన్నాను, ఇప్పుడు బయల్దేరితే అందుకుంటానా?"

నేను తల దించుకున్నాను. ఇప్పుడు ఆమె పోయిందన్న మాట అంటాడు, అది వినాలి నేను, వినితీరాలి అనుకున్నాను.

"రక్తం దొరికింది బిడ్డా" అన్నాడాయన. "ఇద్దరొచ్చి ఇచ్చిన్రు. నువ్వేం ఫికర్ జెయ్యకు. ఆపరేషన్ మంచిగైంది."

"అమ్మయ్య. ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?"

"మంచిగనే ఉన్నది. ఇగో, ఇంట్లనే ఉన్నది."

"సంతోషమండి. జాగ్రత్తగా చూసుకోండి. బరువులవీ ఎత్తనివ్వకండి."

"ఎత్తనియ్య బిడ్డా. సల్లగుండు."

ఫోన్ పెట్టి, ఛాయ్ వడగట్టి నా చేతికిచ్చాడు. నా ముఖం చూసి ఆయనకేదో అర్థమైనట్టుంది. తనూ గ్లాసు పట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

"మొదట్ల నిజమే జెప్పిన. ఆమె పోయిందని. అవుతలి పోరడు ఏడ్సిండు. నేను లేట్ జేసిన్నా అంకుల్ అని ఏడ్సిండు. ఆనికేం సంబంధం చెప్పు? ఇంకొకామె గట్లనే, పదిసార్లు సారీ అన్నది. నాకే ఎట్లనో అనిపిచ్చింది. రక్తమిస్తమని ఫోన్ జేసినోళ్లను ఏడిపిచ్చుడెందుకని, మంచిగున్నదని చెప్పుడు షురూ జేసిన." కాసేపు ఊదుకుని తాగాడు. "దినాం ఎవరో ఒగరు అడుగుతరు, ఎట్లున్నదని. మంచిగున్నదంట. ఎవ్వలతోని అంటున్నానో గా మనుషులకైతే ఆమె ఉన్నట్టే గద."

ఛాయ్‌లో చక్కెర ఎక్కువైంది. గ్లాసు పక్కన పెట్టాను. చెప్పాలి కదా, అందుకే కదా వచ్చాను. చెప్పాను. పోస్టు నేనే పెట్టానని, ఆమె పోయిందని తెలిసీ తీయలేదని, ఎందుకు తీయలేదో కూడా. పేజీ అంటే ఏమిటో ఆయనకి అర్థమైందో లేదో. నా పేజీలో మనుషులు పెరుగుతారని ఉంచాను అంకుల్ అన్నాను, అలా అంటుంటే ఆ మాట ఎంత రోతగా ఉందో నాకే వినిపించింది. పది పన్నెండు రోజుల కిందట తీసేశానని, మెసేజ్‌లు కూడా కొన్నాళ్లకి ఆగిపోతాయని, సిమ్ము కొనిస్తానని చెప్పి, ఆ నూట యాభై తీసి మంచం మీద పెట్టాను. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన డబ్బు వంక చూడనే లేదు.

"తీసేసినవా?"

"తీసేశాను."

"అయితే ఇగ ఫోన్లు రావా?"

తగ్గుతాయన్నాను.

అప్పుడు కోపం వచ్చిందాయనకి. గొంతు పెంచలేదు గానీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు గట్టిగా వచ్చింది. "పెట్టేటప్పుడు మీ నాయన నన్నడిగిండు. తీసేటప్పుడు ఎవలడిగిన్రు? మీకు పెట్టబుద్ధైతే పెడ్తరు, తీయబుద్ధైతే తీస్తరు. ఒక్క మాట నన్నడగొద్దా?"

అడగాల్సింది. ఉంచినప్పుడూ అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ నా గురించే చూసుకున్నాను. తప్పయిందని ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. ఆయన మళ్లీ బియ్యం చాట ముందుకు లాక్కున్నాడు. నేను లేచాను. గుమ్మం దాటుతుంటే, "పైసలు తీస్కపో బిడ్డా" అన్నాడు మామూలు గొంతుతోనే. తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి నాన్నకి నిజం చెప్పేశాను. నాన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు సూపర్వైజరుతో మాట్లాడి, ఫోన్ తన దగ్గర స్టోర్స్‌లో పెట్టుకుంటానని, మోగితే తనే వెళ్లి ఆయన్ని పిలుచుకొస్తానని ఒప్పించాడు. ఆయన ఆ షరతుకి సరేనన్నాడు. మళ్లీ పనిలోకి వచ్చాడు. నాన్న ఆ ఫోన్‌ని బోల్టుల డబ్బాల మధ్య, తన కళ్లెదురుగా పెట్టుకునేవాడు.

మొదట్లో రోజుకి ఒకటో రెండో వచ్చేవిట. తర్వాత వారానికి. వానాకాలం వచ్చేసరికి అవీ లేవు. "భోజనాల టైములో స్టోర్స్‌కి వస్తాడమ్మా. మోగిందా సార్ అంటాడు. లేదంటాను. వెళ్లిపోతాడు" అని నాన్న చెప్పాడొకరోజు. చెప్పి నా వంక చూడలేదు.

పేజీలో నేను రాయడం తగ్గించేశాను. ఎవరూ ఎందుకు రాయట్లేదని అడగలేదు. కొన్నాళ్లు ఎదురుచూశాను, అడుగుతారేమోనని. పదకొండు వేల మందీ అలాగే ఉన్నారు, ఎవరూ ఎక్కడికీ పోలేదు. తాళం వేసిన హాలు నిండా కుర్చీలున్నట్టు ఉండేది ఆ పేజీ.

ఫైనలియర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. అమ్మా నాన్నా ఎవరిదో గృహప్రవేశానికి కీసర వైపు వెళ్లారు. నేను రానన్నాను. అన్నం వండి పెట్టి వెళ్లింది అమ్మ, గిన్నె మూత కూడా తీయలేదు నేను. బయట వాన మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. పొద్దున్నుంచి ఒక్క మనిషితోనూ మాట్లాడలేదు. అంతకు ముందు రోజూ అంతే. ఫోన్ తీసి నంబర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. ఎవరికీ చేయబుద్ధి కాలేదు. అప్పుడు ఆ లిస్టులో లేని నంబరొకటి నొక్కాను. ఏడు నెలలు నా పేజీలో ఉన్న నంబరు, చూడకుండానే వచ్చు.

రెండు రింగులకే ఎత్తాడు.

"హలో, ఎవరు?"

ఏం చెప్పాలో అనుకుని చేయలేదు. నోటికి వచ్చింది అన్నాను.

"మెసేజ్ చూశానండీ. ఓ నెగెటివ్ రక్తం కావాలన్నారట, ఈరోజు సాయంత్రం లోపు."

అవతల రేకుల మీద వాన వినిపిస్తోంది. నా గొంతు గుర్తుపట్టాడేమో. పెట్టేస్తాడనుకున్నాను.

"దొరికింది బిడ్డా" అన్నాడు. "ఇద్దరొచ్చి ఇచ్చిన్రు."

"ఎలా ఉన్నారు ఇప్పుడు?"

"మంచిగున్నది."

"ఏం చేస్తున్నారు?"

ఆ మాట ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

"వాన పడ్తుంది గద. మక్కకంకులు కాల్సుకొని తిన్నం ఇద్దరం. ఇప్పుడే జర నడుం వాల్సింది. ఆమెకు ఉప్పు, కారం, నిమ్మకాయ అన్నీ కావాలె. ఉత్తగ తినదు."

"మంచిదండీ" అన్నాను. ఆయనా పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.

తిన్నానని చెప్పాలనే నోరు తెరిచాను. "లేదు" అన్నాను.

"మూడైతున్నది గద బిడ్డా. పో, తిను ముందుగాల. తిన్నంక మల్ల జెయ్యి."

వంటింట్లోకి వెళ్లి, చల్లారిపోయిన అన్నంలో పప్పు కలుపుకుని, నిలబడే తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ ఫోన్ చేశాను.